బూట్ డిస్కు అనుకూలీకరణ

బూట్ డిస్కు అనగా హార్డ్ డిస్కు సహాయం లేకుండానే కంప్యూటరును ప్రారంభించుటకు పనికివచ్చే డిస్కు. ఇది ఫ్లాపీ కావచ్చు, సీడీ కావచ్చు, పెన్ డ్రైవు కావచ్చు. సిద్ధంగా లభించే బూట్ డిస్కుకు మన కంప్యూటరులోని పరికరాలకు తగిన అదనపు డ్రైవర్లను, ప్రారంభమైన వెంటనే వాటంతట అవే నడవవలసిన ఆదేశాలను చేర్చుకొనుటను బూట్ డిస్కు అనుకూలీకరణ అంటారు. 1980లు, 1990లలో డాస్ ఫ్లాపీలతో ఈ పని విస్తారంగా జరిగింది. ఫ్లాపీలు కనుమరుగైనా, నేటి పెన్ డ్రైవులు కూడా అదే సూత్రంపై పనిచేస్తున్నాయి.

ఈ వ్యాసంలో ఫైళ్ల పేర్లు, ఆదేశాలు తెలుగు లిపిలో వ్రాయబడినవి. కంప్యూటరులో వాటిని ఆంగ్ల అక్షరాలతోనే టైపు చేయవలెను.

పేరు

తన బూటు పట్టీలను తానే పట్టుకొని పైకి లేచుట అను ఆంగ్ల నానుడి నుండి "బూట్" అను మాట కంప్యూటరు రంగంలోకి వచ్చినది. ఏ ప్రోగ్రాము నడవాలన్నా దానిని మెమరీలోకి తెచ్చే మరొక ప్రోగ్రాము ఉండాలి. మరి మొట్టమొదటి ప్రోగ్రామును ఎవరు తెస్తారు? ఈ చిక్కును కంప్యూటరు తనకు తానే అంచెలంచెలుగా విప్పుకొనుటయే బూటింగ్.

కంప్యూటరు ప్రారంభమగు విధానం

విద్యుత్తు అందగానే మదర్‌బోర్డుపై ఉన్న చిప్‌లోని బయాస్ అను ప్రోగ్రాము పని మొదలుపెడుతుంది. మెమరీ, కీబోర్డు, డిస్కు డ్రైవులు ఉన్నాయో లేవో పరీక్షిస్తుంది. తరువాత తనకు చెప్పిన వరుసలో డ్రైవులను చూస్తూ, డిస్కులోని మొదటి సెక్టారును మాత్రమే మెమరీలోకి తెస్తుంది. దీనిని బూట్ సెక్టారు అంటారు. దీని పరిమాణం 512 బైట్లు. దీని చివరి రెండు బైట్లు షోడశాంశ సంఖ్యామానంలో 55, ఏఏ అయి ఉండాలి.

ఆ 512 బైట్లలో ఉండే చిన్న ప్రోగ్రాము ఐఓ.సిస్ అను ఫైలును వెదికి నడుపుతుంది. అక్కడి నుండి డాస్ పని మొదలవుతుంది. డాస్ మొదట కాన్ఫిగ్.సిస్ అను ఫైలును చదువుతుంది. తరువాత కమాండ్.కామ్‌ను మెమరీలోకి తెస్తుంది. చివరగా ఆటోఎగ్జెక్.బ్యాట్‌లోని ఆదేశాలను ఒకదాని తరువాత ఒకటిగా అమలు చేస్తుంది. అప్పుడు తెరపై "ఏ:\>" అను సూచిక కనిపిస్తుంది.

వీటిలో ఐఓ.సిస్, కమాండ్.కామ్ మైక్రోసాఫ్ట్ సంస్థ తయారు చేసిన ప్రోగ్రాములు. వాటిని మనం మార్చలేము. కాన్ఫిగ్.సిస్, ఆటోఎగ్జెక్.బ్యాట్ అనునవి మాత్రం సాధారణ పాఠ్య ఫైళ్లు. ఎడిట్ అను ప్రోగ్రాముతోగాని, నోట్‌ప్యాడ్‌తోగాని ఎవరైనా వాటిని తెరచి మార్చవచ్చు. బూట్ డిస్కు అనుకూలీకరణ అంతయు ఈ రెండు ఫైళ్లలోనే జరుగుతుంది. మొదటి దానిలో "ఏమి కలుపవలెను" అన్నది, రెండవ దానిలో "ఏమి చేయవలెను" అన్నది వ్రాస్తారు.

అవసరం ఎందుకు కలిగినది

ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును 1981 ఆగస్టు 12న విడుదల చేసినప్పుడు దానికి జోడించవలసిన పరికరాలు తక్కువ. 1983లో వచ్చిన డాస్ 2.0తో కాన్ఫిగ్.సిస్ ద్వారా అదనపు డ్రైవర్లను చేర్చే వీలు కలిగినది. తరువాత మౌస్, సీడీ డ్రైవు, స్కజీ కార్డు, నెట్‌వర్క్ కార్డు వంటివి వచ్చాయి. వీటిలో ఏదియు డాస్‌కు పుట్టుకతో తెలియదు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క డ్రైవరు కావలెను.

దీని వలన ఒక చిత్రమైన ఇబ్బంది ఏర్పడినది. విండోస్ 95 సీడీపై వచ్చేది. హార్డ్ డిస్కు ఖాళీగా ఉన్న కంప్యూటరులో దానిని స్థాపించవలెనంటే ముందు సీడీ డ్రైవు పనిచేయాలి. సీడీ డ్రైవు పనిచేయుటకు డ్రైవరు కావాలి. ఆ డ్రైవరు విండోస్ 95తో వచ్చే బూట్ ఫ్లాపీలో ఉండేది కాదు. సీడీ చేతిలో ఉన్నా, కంప్యూటరు ఎదురుగా ఉన్నా పని సాగేది కాదు. సీడీ డ్రైవుతో పాటు వచ్చిన ఫ్లాపీలోని డ్రైవరును బూట్ డిస్కుకు ఎక్కించుకొన్నవారికే విండోస్ స్థాపన సాధ్యమయ్యేది. 1998 జూన్‌లో విడుదలైన విండోస్ 98 బూట్ డిస్కులో ఈ లోపాన్ని సరిదిద్దారు.

రెండవ అవసరం ఇంతకంటె ముఖ్యమైనది. విండోస్ చెడి కంప్యూటరు ప్రారంభం కానప్పుడు, హార్డ్ డిస్కులోని ఫైళ్లు చాలా సందర్భాలలో చెక్కుచెదరకుండా ఉంటాయి. తగిన బూట్ డిస్కు ఉన్నవారు వాటిని వేరొక చోటికి కాపీ చేసుకోగలరు. లేనివారు హార్డ్ డిస్కును ఫార్మాట్ చేసి, ఉన్నదంతా పోగొట్టుకొంటారు. పాఠశాల మార్కుల పట్టికలు, కార్యాలయపు లెక్కలు, డీటీపీ కేంద్రాలలో కూర్చిన పుస్తకాలు దక్కుట, దక్కకపోవుట అనేకసార్లు ఒక్క ఫ్లాపీపై ఆధారపడి ఉండేది.

ఫ్లాపీలోని స్థలం

మూడున్నర అంగుళాల ఫ్లాపీకి రెండు వైపులు, ఒక్కొక్క వైపున 80 ట్రాకులు, ఒక్కొక్క ట్రాకులో 18 సెక్టార్లు, ఒక్కొక్క సెక్టారులో 512 బైట్లు ఉంటాయి. అనగా 2 × 80 × 18 × 512 = 14,74,560 బైట్లు. దీనినే వాడుకలో 1.44 మెగాబైట్లు అంటారు. మొత్తం 2,880 సెక్టార్లలో బూట్ సెక్టారుకు 1, ఫైళ్ల కేటాయింపు పట్టికల రెండు ప్రతులకు 18, ప్రధాన డైరెక్టరీకి 14 పోగా 2,847 సెక్టార్లు మిగులుతాయి. కావున మన ఫైళ్లకు దక్కేది 14,57,664 బైట్లు.

ఆపరేటింగ్ సిస్టం, డ్రైవర్లు, ఉపకరణాలు అన్నియు ఇందులోనే ఇమడవలెను. కనుక ఏది అవసరం, ఏది అనవసరం అని నిర్ణయించుకొనుట ఈ పనిలో మొదటి మెట్టు.

డ్రైవర్లను చేర్చుట

డ్రైవరు ఫైలును ఫ్లాపీపైకి కాపీ చేసినంత మాత్రాన అది పనిచేయదు. కాన్ఫిగ్.సిస్‌లో "డివైస్=" అను మాటతో మొదలయ్యే ఒక పంక్తిని వ్రాయవలెను. తరచుగా చేర్చే డ్రైవర్లు ఇవి.

హైమెమ్.సిస్: డాస్ నేరుగా వాడుకోగల మెమరీ 640 కిలోబైట్లు మాత్రమే. 1 మెగాబైటుకు పైనున్న మెమరీని వాడుకొనుటకు ఇది దారి చూపుతుంది. 

ఓక్‌సీడీరోమ్.సిస్: ఐడీఈ రకానికి చెందిన సీడీ డ్రైవులలో అధిక భాగాన్ని గుర్తించే డ్రైవరు. దీని పంక్తి చివర "/డి:ఎంఎస్‌సీడీ001" అని వ్రాస్తారు. ఇది ఆ డ్రైవుకు మనం పెట్టే గుర్తింపు పేరు.

ర్యామ్‌డ్రైవ్.సిస్: మెమరీలో కొంత భాగాన్ని డిస్కు వలె చూపిస్తుంది. ఫ్లాపీలో కుదించి ఉంచిన ఫైళ్లను విప్పి పెట్టుకొనుటకు ఇది ఉపయోగపడుతుంది. కంప్యూటరు ఆపగానే ఇందులోనివన్నీ పోతాయి.

యూఎస్‌బీఏఎస్‌పీఐ.సిస్, డీఐ1000డీడీ.సిస్: డాస్‌లో పెన్ డ్రైవు వాడుకొనుటకు చాలామంది చేర్చుకొన్న జంట డ్రైవర్లు. మొదటిది యూఎస్‌బీ పరికరాన్ని గుర్తిస్తుంది. రెండవది దానికి డ్రైవు అక్షరాన్ని ఇస్తుంది.

ఇవి గాక "ఫైల్స్=", "బఫర్స్=", "లాస్ట్‌డ్రైవ్=" వంటి పంక్తులు కూడా ఈ ఫైలులో ఉంటాయి. లాస్ట్‌డ్రైవ్ అనునది డ్రైవులకు ఏ అక్షరం వరకు పేర్లు పెట్టవచ్చునో తెలుపుతుంది. 

ప్రారంభ ఆదేశాలను చేర్చుట

ఆటోఎగ్జెక్.బ్యాట్ అనునది ఒక బ్యాచ్ ఫైలు. సూచిక వద్ద మనం చేతితో టైపు చేయగల ఆదేశాలనే ఇందులో ముందుగా వ్రాసి పెడతాము. సాధారణంగా చేర్చేవి ఇవి.

"పాత్" ఆదేశం ప్రోగ్రాములను ఏయే డైరెక్టరీలలో వెదకవలెనో తెలుపుతుంది. ఎంఎస్‌సీడీఈఎక్స్ అను ప్రోగ్రాము, కాన్ఫిగ్.సిస్‌లో గుర్తించిన సీడీ డ్రైవుకు ఒక అక్షరాన్ని ఇస్తుంది. ఇక్కడ కూడా "/డి:ఎంఎస్‌సీడీ001" అని అదే పేరు వ్రాయవలెను. రెండు చోట్ల పేరు ఒక్క అక్షరం తేడా పడినా సీడీ డ్రైవు కనిపించదు. "మౌస్" ఆదేశం మౌస్‌ను పనిచేయిస్తుంది. స్మార్ట్‌డ్రైవ్ అను ప్రోగ్రాము డిస్కు నుండి చదివిన సమాచారాన్ని మెమరీలో దాచి వేగాన్ని పెంచుతుంది. ఇది లేకుండా డాస్ నుండి విండోస్ ఎక్స్‌పీని స్థాపించబోతే ఫైళ్ల కాపీకే చాలా ఎక్కువ సమయం పట్టేది.

కంప్యూటరు ప్రయోగశాలలలో ఈ ఫైలు చివర ఘోస్ట్ వంటి ప్రోగ్రామును పిలిచే పంక్తిని చేర్చేవారు. ఒక కంప్యూటరులోని హార్డ్ డిస్కు ప్రతిబింబాన్ని మిగిలిన కంప్యూటర్లకు ఎక్కించుట దాని పని. ఫ్లాపీ పెట్టి స్విచ్ వేస్తే చాలు, మిగిలినది దానంతట అదే జరిగేది.

వరుస ప్రాముఖ్యం

డ్రైవర్లు, ఆదేశాలు అన్నియు ఉన్నా వరుస తప్పితే డిస్కు పనిచేయదు. శ్రీశైలం జలాశయంలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపూర్‌లో తిరిగి నిలబెట్టారు. అక్కడ రాళ్లన్నీ ఉండుట మాత్రమే చాలదు. క్రింది రాయి పడిన తరువాతనే పై రాయి నిలుస్తుంది. బూట్ డిస్కులో కూడా అంతే.

హైమెమ్.సిస్ ముందు రానిదే పై మెమరీలో ర్యామ్ డ్రైవు ఏర్పడదు. సీడీ డ్రైవరు కాన్ఫిగ్.సిస్‌లో నిలబడనిదే ఆటోఎగ్జెక్.బ్యాట్‌లోని ఎంఎస్‌సీడీఈఎక్స్‌కు పని ఉండదు. స్మార్ట్‌డ్రైవ్‌ను ఎంఎస్‌సీడీఈఎక్స్ తరువాత పిలిస్తేనే సీడీ డ్రైవుకు కూడా దాని ప్రయోజనం అందుతుంది. యూఎస్‌బీ డ్రైవర్ల జంటలో గుర్తించేది ముందు, అక్షరం ఇచ్చేది తరువాత రావలెను. కొత్త పంక్తిని చేర్చే ముందు "ఇది దేనిపై ఆధారపడి ఉన్నది?" అని ప్రశ్నించుకొంటే అది ఎక్కడ ఉండవలెనో తెలిసిపోతుంది.

మెనూ ఏర్పాటు

1993లో వచ్చిన ఎంఎస్-డాస్ 6.0 నుండి కాన్ఫిగ్.సిస్‌లో మెనూ పెట్టుకొనే వీలు కలిగినది. "మెనూ" అను భాగంలో ఒక్కొక్క ఎంపికకు "మెనూఐటెమ్=" అని వ్రాసి, ఆయా ఎంపికల పేర్లతో చదరపు కుండలీకరణాలలో వేర్వేరు భాగాలను వ్రాస్తారు. "మెనూడిఫాల్ట్=" పంక్తిలో ఎవరూ ఏమీ ఎంచుకోనప్పుడు ఏది నడవవలెనో, ఎన్ని సెకన్లు వేచి ఉండవలెనో తెలుపుతారు. అన్నింటికీ వర్తించే పంక్తులు "కామన్" అను భాగంలో ఉంటాయి. ఎంచుకొన్న దాని పేరు "కాన్ఫిగ్" అను చలరాశిలో నిలిచి ఉంటుంది కనుక, ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో "గోటూ" ఆదేశంతో దానికి తగిన భాగానికి పోవచ్చును. ఈ విధంగా ఒకే ఫ్లాపీని సీడీతో ఒకసారి, నెట్‌వర్క్‌తో మరొకసారి, ఏ డ్రైవరూ లేకుండా ఇంకొకసారి వాడుకోవచ్చును.

ఉదాహరణ: విండోస్ 98 బూట్ డిస్కు

అనుకూలీకరణ నేర్చుకొనుటకు విండోస్ 98 బూట్ డిస్కు మంచి నమూనా. దీనిని తెరచి చూస్తే పైన చెప్పినవన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. ప్రారంభం కాగానే మూడు ఎంపికల మెనూ వస్తుంది: సీడీ డ్రైవుతో ప్రారంభించుట, సీడీ డ్రైవు లేకుండా ప్రారంభించుట, సహాయ పత్రం చూచుట. 30 సెకన్లు గడిస్తే మొదటిది దానంతట అదే నడుస్తుంది. ఏ కంప్యూటరులో ఏ సీడీ డ్రైవు ఉంటుందో తెలియదు కనుక, ఐడీఈ, స్కజీ రకాలకు చెందిన అనేక డ్రైవర్లను వరుసగా ప్రయత్నిస్తుంది. సరిపడనివి తప్పుకొంటాయి.

స్థలం చాలనందున ఫార్మాట్, స్కాన్‌డిస్క్, ఎడిట్, సిస్ వంటి ఉపకరణాలను ఈబీడీ.క్యాబ్ అను ఒక్క ఫైలులో కుదించి ఉంచారు. ఆటోఎగ్జెక్.బ్యాట్ 2 మెగాబైట్ల ర్యామ్ డ్రైవులోకి వాటిని విప్పుతుంది. దీని వలన ఒక తికమక కలుగుతుంది. హార్డ్ డిస్కు భాగాల తరువాతి అక్షరాన్ని ర్యామ్ డ్రైవు తీసుకొంటుంది. కావున విండోస్‌లో డి: గా ఉండే సీడీ డ్రైవు ఇక్కడ ఇ: అవుతుంది. సీడీ కనిపించలేదని కంగారుపడేవారు తరువాతి అక్షరాన్ని చూస్తే చాలు.

మన కంప్యూటరుకు ఏ డ్రైవరు సరిపోతుందో తెలిసిన తరువాత మిగిలిన డ్రైవర్లను, వాటి పంక్తులను తొలగించవచ్చును. అప్పుడు స్థలం మిగులుతుంది, ప్రారంభమగుటకు పట్టే సమయం తగ్గుతుంది. మిగిలిన స్థలంలో స్మార్ట్‌డ్రైవ్, ఎక్స్‌కాపీ, మౌస్ డ్రైవరు వంటివి చేర్చుకోవచ్చును.

తయారు చేయు క్రమం

1. విండోస్ 98లో కంట్రోల్ ప్యానెల్‌లోని యాడ్/రిమూవ్ ప్రోగ్రామ్స్‌లో స్టార్టప్ డిస్క్ అను విభాగం ద్వారా మూల డిస్కును తయారు చేసుకోవలెను. డాస్‌లో "ఫార్మాట్ ఏ: /ఎస్" అను ఆదేశంతో కనీస డిస్కు తయారవుతుంది.

2. మూల డిస్కుకు ఒక ప్రతి తీసి, మార్పులన్నీ ప్రతిలోనే చేయవలెను.

3. కావలసిన డ్రైవరు ఫైళ్లను ప్రతిపైకి కాపీ చేయవలెను.

4. కాన్ఫిగ్.సిస్‌లో ఒక్క పంక్తిని మాత్రమే చేర్చి, కంప్యూటరును ప్రారంభించి పరీక్షించవలెను. అది పనిచేసిన తరువాతనే రెండవ పంక్తిని చేర్చవలెను.

5. డ్రైవర్లన్నీ నిలబడిన తరువాత ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో ఆదేశాలను చేర్చవలెను. ఫార్మాట్, ఎఫ్‌డిస్క్ వంటి ప్రమాదకరమైన ఆదేశాలను ఇందులో వ్రాయరాదు. ఫ్లాపీ పొరపాటున డ్రైవులో ఉండిపోయిన రోజున నష్టం జరుగుతుంది.

6. ప్రతి పంక్తికి పైన "రెమ్" అను మాటతో వివరణ వ్రాసుకోవలెను. కంప్యూటరు దానిని పట్టించుకోదు. కాని తరువాత ఆ డిస్కును వాడేవారికి అదే దారి చూపుతుంది.

7. పని పూర్తయిన తరువాత ఫ్లాపీ మూలనున్న చిన్న పలకను జరిపి రంధ్రం తెరవవలెను. రంధ్రం తెరచి ఉంటే దానిపై ఎవరూ ఏమీ వ్రాయలేరు.

ఈ జాగ్రత్త వైరస్‌ల నుండి కూడా కాపాడుతుంది. 1986లో పాకిస్తాన్‌లోని లాహోరులో పుట్టిన బ్రెయిన్ వైరస్ ఫ్లాపీల బూట్ సెక్టారులోనే చేరేది. వైరస్ సోకిన కంప్యూటరులో రక్షణ లేని బూట్ డిస్కు పెడితే, బాగుచేయవలసిన డిస్కే వ్యాధిని మోసుకుపోయే ప్రమాదముండేది.

హార్డ్ డిస్కులోని ఫైళ్లను కాపాడుట

బూట్ డిస్కుతో ప్రారంభించి "సి:" అని టైపు చేసినప్పుడు "ఇన్‌వాలిడ్ డ్రైవ్ స్పెసిఫికేషన్" అను సందేశం వస్తే, హార్డ్ డిస్కు చెడినదని చాలామంది భావిస్తారు. ఇది అన్ని వేళలా నిజం కాదు. ఆ బూట్ డిస్కుకు ఆ హార్డ్ డిస్కు అమరిక చదువుట రాకపోవచ్చును. ఎంఎస్-డాస్ 6.22 బూట్ డిస్కుకు ఫ్యాట్32 అమరిక తెలియదు. అది 1996లో విండోస్ 95 రెండవ రూపంతో వచ్చినది. విండోస్ 98 బూట్ డిస్కుకు ఫ్యాట్32 తెలియును గాని, విండోస్ 2000, ఎక్స్‌పీ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ తెలియదు. కావున ఈ సందేశం చూడగానే ఫార్మాట్ చేయరాదు. ముందు ఆ కంప్యూటరులో ఏ విండోస్ ఉండేదో తెలుసుకోవలెను. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను డాస్‌లో చదువుటకు సిస్ఇంటర్నల్స్ వారి ఎన్‌టీఎఫ్‌ఎస్‌డాస్ వంటి ప్రోగ్రామును బూట్ డిస్కుకు చేర్చుకొనేవారు.

కాపీ చేసిన ఫైళ్లను ఉంచుటకు రెండవ హార్డ్ డిస్కును తగిలిస్తే డ్రైవు అక్షరాలు మారతాయి. డాస్ ముందుగా అన్ని డిస్కుల ప్రైమరీ భాగాలకు, ఆ తరువాతనే లాజికల్ భాగాలకు అక్షరాలు ఇస్తుంది. కావున నిన్నటి డి: నేడు ఇ: కావచ్చును. ఏది ఏ డిస్కో "డిర్" ఆదేశంతో ఫైళ్లను చూచి నిర్ధారించుకొన్న తరువాతనే కాపీ మొదలుపెట్టవలెను.

శుద్ధ డాస్‌లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, దాని విస్తరణకు మూడు అక్షరాలు మాత్రమే ఉంటాయి. విండోస్‌లో పెట్టిన పొడవైన పేర్లు కాపీలో కుదించుకుపోతాయి. వందలకొద్దీ ఫైళ్లు ఉన్నప్పుడు ఏది ఏమిటో తెలియదు. కాపీకి ముందు డాస్‌ఎల్‌ఎఫ్‌ఎన్ వంటి ప్రోగ్రామును ఆటోఎగ్జెక్.బ్యాట్ ద్వారా నడిపిస్తే పొడవైన పేర్లను గుర్తించే ఉపకరణాలు వాటిని నిలుపుకోగలవు.

తెలుగు ఫైళ్ల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. యూనికోడ్ వ్యాప్తిలోకి రాకముందు డీటీపీ కేంద్రాలలో పేజ్‌మేకర్ వంటి ప్రోగ్రాములలో అను ఫాంట్ల వంటి వాటితో తెలుగు కూర్చేవారు. అటువంటి ఫైలులో నిజంగా ఉండేది తెలుగు అక్షరాల సంకేతాలు కావు, ఆ ఫాంటులోని అక్షర భాగాల స్థానాలు మాత్రమే. ఫాంటు లేకపోతే ఫైలు తెరచుకొన్నా అందులో అర్థం లేని గుర్తులే కనిపిస్తాయి. కావున ఫైళ్లతో పాటు విండోస్ డైరెక్టరీలోని ఫాంట్స్ డైరెక్టరీని కూడా కాపీ చేసుకోవలెను.

బూట్ డిస్కు తెరపై తెలుగు

డాస్ తెర 25 పంక్తులు, పంక్తికి 80 అక్షరాలు గల పాఠ్య తెర. ఒక్కొక్క గడిలో సాధారణంగా 256 గుర్తులలో ఒకదానిని మాత్రమే చూపగలదు. గుణింతాలు, ఒత్తులు ఒకదానిపై ఒకటి చేరి రూపం మారే తెలుగు లిపికి ఈ ఏర్పాటు సరిపోదు. ఐఐటీ కాన్పూరులో మొదలై, పూణేలోని సీ-డాక్ అభివృద్ధి చేసిన జిస్ట్ సాంకేతికత ఈ లోటును ప్రత్యేకమైన కార్డుతో పూరించినది. దానితో డాస్ ప్రోగ్రాములలోనే తెలుగు మొదలైన భారతీయ భాషలు కనిపించేవి. సాధారణ బూట్ డిస్కులో మాత్రం మెనూలు, సందేశాలు ఆంగ్లంలోనే మిగిలిపోయాయి.

తరచుగా ఎదురయ్యే లోపాలు

"నాన్-సిస్టం డిస్క్" అను సందేశం వస్తే డిస్కులో సిస్టం ఫైళ్లు లేవని అర్థం. ఫైళ్లను మామూలుగా కాపీ చేస్తే బూట్ డిస్కు తయారు కాదు. బూట్ సెక్టారును కూడా వ్రాయుటకు "సిస్ ఏ:" ఆదేశాన్ని వాడవలెను.

"బ్యాడ్ ఆర్ మిస్సింగ్" అని వచ్చి తరువాత ఒక ఫైలు పేరు వస్తే, ఆ డ్రైవరు డిస్కులో లేదు, లేదా కాన్ఫిగ్.సిస్‌లో పేరు తప్పుగా వ్రాయబడినది.

"డివైస్ డ్రైవర్ నాట్ ఫౌండ్: ఎంఎస్‌సీడీ001" అని వస్తే కాన్ఫిగ్.సిస్‌లోని సీడీ డ్రైవరు నిలబడలేదు, లేదా రెండు ఫైళ్లలోని గుర్తింపు పేర్లు కలియలేదు.

ఎక్కడ ఆగిపోతున్నదో తెలియనప్పుడు "స్టార్టింగ్" అను మాట తెరపై కనిపించగానే ఎఫ్8 మీట నొక్కవలెను. అప్పుడు డాస్ ఒక్కొక్క పంక్తిని చూపి, నడపమంటారా అని అడుగుతుంది. ఎఫ్5 నొక్కితే రెండు ఫైళ్లను వదలి ప్రారంభమవుతుంది. బూట్ డిస్కును అసలు పట్టించుకోకుండా హార్డ్ డిస్కు నుండే ప్రారంభమైతే, బయాస్ అమరికలో డ్రైవుల వరుసను మార్చవలెను.

ఫ్లాపీ నుండి సీడీకి

1995లో ఫీనిక్స్, ఐబీఎం సంస్థలు ఎల్ టొరిటో అను ప్రమాణాన్ని ప్రకటించాయి. దీని ప్రకారం బూట్ ఫ్లాపీ ప్రతిబింబాన్ని సీడీలో ఉంచితే, బయాస్ దానినే ఏ: డ్రైవుగా చూపిస్తుంది. ఫ్లాపీకి చేసిన అనుకూలీకరణ యథాతథంగా సీడీకి ఎక్కినది. 2.88 మెగాబైట్ల ప్రతిబింబాన్ని వాడుకొనే వీలు కూడా ఉండుటచే రెట్టింపు డ్రైవర్లు పట్టేవి.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నేరుగా సీడీ నుండే ప్రారంభమయ్యేది. అయినను డ్రైవరు సమస్య తీరలేదు. తరువాత వచ్చిన సాటా హార్డ్ డిస్కులు కొన్ని అమరికలలో దానికి కనిపించేవి కావు. స్థాపన ఆరంభంలో ఎఫ్6 నొక్కి డ్రైవరు ఫ్లాపీ పెట్టవలసి వచ్చేది. ఫ్లాపీ డ్రైవు లేని ల్యాప్‌టాపులలో అది సాధ్యం కాదు. కనుక ఎన్‌లైట్ వంటి ప్రోగ్రాముతో డ్రైవర్లను కలిపి కొత్త ఎక్స్‌పీ సీడీని తయారు చేసుకొనేవారు.

హార్డ్ డిస్కును తాకకుండా సీడీ నుండే పూర్తిగా నడిచే లైవ్ సీడీలను 2000లో మొదలైన నాపిక్స్ ప్రాచుర్యంలోకి తెచ్చినది. లినక్స్ కెర్నలు అనేక డ్రైవర్లను తనతో తెచ్చుకొంటుంది. బూట్ మెనూలోని పంక్తి చివర వ్రాసే మాటలు ఇక్కడ ప్రారంభ ఆదేశాల వలె పనిచేస్తాయి. లినక్స్ ఎవరైనా మార్చుకోదగిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కనుక, మెనూలతో సహా తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టంను రూపొందించుట సాధ్యమైనది. తెలుగు ఆపరేటింగ్ సిస్టంగా పేరొందిన స్వేచ్ఛ 2005లో విడుదలైనది. అదే పేరుగల సంస్థ హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్నది. తెలుగుతో పాటు ఇతర భారతీయ భాషలకు వీలు కల్పించే బాస్ లినక్స్‌ను సీ-డాక్ 2007లో విడుదల చేసినది.

నేటి స్థితి

విండోస్ 98కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2006 జూలై 11న ముగిసినది. జపానులో సోనీ సంస్థ ఫ్లాపీల అమ్మకాన్ని 2011 మార్చిలో నిలిపివేసినది. నేడు బూట్ డిస్కు అనగా అధికంగా పెన్ డ్రైవు. కొత్త కంప్యూటర్లలో బయాస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చినది. ఇది బూట్ సెక్టారుకు బదులుగా ఫ్యాట్ అమరిక గల భాగంలో నిర్ణీత స్థానంలో ఉన్న ప్రోగ్రామును నడుపుతుంది. సెక్యూర్ బూట్ అమలులో ఉంటే, అంగీకృత సంతకం లేని ప్రోగ్రామును నడవనీయదు. యూఈఎఫ్ఐ మాత్రమే ఉన్న కంప్యూటర్లలో డాస్ ప్రారంభం కాదు.

విండోస్ సంబంధమైన మరమ్మతు పనులకు విండోస్ పీఈ అను చిన్న రూపాన్ని వాడుతున్నారు. డిస్మ్ అను ఆదేశంతో దాని ప్రతిబింబాన్ని తెరచి, డ్రైవర్లను చేర్చి, మార్పులను భద్రపరచి మూస్తారు. అందులోని స్టార్ట్‌నెట్.సీఎండీ అను ఫైలులో ప్రారంభ ఆదేశాలను వ్రాస్తారు. అనగా కాన్ఫిగ్.సిస్ చేసిన పనిని డిస్మ్, ఆటోఎగ్జెక్.బ్యాట్ చేసిన పనిని స్టార్ట్‌నెట్.సీఎండీ చేస్తున్నాయి.

డాస్ వద్దనే అభ్యాసం చేయదలచిన విద్యార్థులకు ఫ్రీడాస్ అనుకూలం. జిమ్ హాల్ 1994లో దీనికి శ్రీకారం చుట్టారు. 1.0 రూపం 2006లో, 1.3 రూపం 2022లో వచ్చాయి. ఎంఎస్-డాస్ ఫైళ్లపై మైక్రోసాఫ్ట్‌కు హక్కులున్నాయి. ఫ్రీడాస్‌ను మాత్రం పాఠశాలలు స్వేచ్ఛగా కాపీ చేసి పంచుకోవచ్చును. వర్చువల్ బాక్స్ వంటి ప్రోగ్రాములో దీనిని నడుపుతూ కాన్ఫిగ్.సిస్‌లోని ఒక పంక్తిని తొలగించి చూడవచ్చును, వరుస మార్చి చూడవచ్చును. ఎన్నిసార్లు చెడినా అసలు కంప్యూటరుకు హాని కలుగదు.